నొప్పి బిళ్ళ, రొమ్ము గడ్డ: బరంపురం చెల్లెమ్మ ప్రశ్నకి నా జవాబు

ప్రశ్న ముందు నా మాటల్లో ఒకసారి చెబుతాను, కొత్తగా చదివేవాళ్ళకి అర్థం కావాలి కదా. అడిగిన చెల్లెమ్మది ఒడిశాలోని బరంపురం. వయసు 46. ఇంట్లోనే మిషన్ కుడతారు. మోకాళ్ళకీ నడుముకీ ఆరేళ్ళుగా వారంలో నాలుగైదు రోజులు డైక్లోఫెనాక్ 50 వేసుకుంటున్నారు. నొప్పి ఎక్కువైన రోజున దానికి తోడు ఒక కాంబిఫ్లామ్. మూడేళ్ళుగా బీపీ బిళ్ళ కూడా నడుస్తోంది. వాళ్ళ పెద్దమ్మ రొమ్ము కేన్సర్‌తో పోయారు. ఈమధ్య ఫోన్‌లో ఒక వీడియో వచ్చిందట, నొప్పి బిళ్ళలు రోజూ మింగితే రొమ్ము కేన్సర్ వస్తుందని. వారం తిరక్కుండా ఇంకో వీడియో, రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే రొమ్ము కేన్సర్ రాదని. "ఏది నమ్మాలి? ఉన్నవి మానేసి ఆస్పిరిన్ మొదలుపెట్టమంటారా?" అని అడిగారు.

ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దు. మీరు మింగిన బిళ్ళల వల్ల కేన్సర్ వచ్చి కూర్చుందేమోనన్న టెన్షన్ కూడా పెట్టుకోవద్దు. కానీ ఆ బిళ్ళలు ఇప్పుడు వేసుకుంటున్న పద్ధతిలో ఇంకొక్క నెల కూడా కొనసాగించొద్దు. దాని కారణాలు వేరు, వాటికి వస్తాను.

నేను సర్జన్ని. గజపతి, రాయగడ జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పర్లాకిమిడిలో సాయంత్రం పూట నాలుగు గంటలు కూర్చుంటాను. ఈ వివరం గొప్ప కోసం కాదు. నొప్పి బిళ్ళలకి చిల్లుపడ్డ కడుపుల్నీ, ఆలస్యంగా వచ్చిన రొమ్ము గడ్డల్నీ ఒకే బల్ల మీద కోసినదాన్ని కాబట్టి, ఈ ప్రశ్నలో రెండు సగాలూ నాకు తెలిసినవే.

ముందు ఏ బిళ్ళల సంగతి మాట్లాడుతున్నామో చూద్దాం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, పెద్ద మోతాదులో ఆస్పిరిన్, ఇవన్నీ ఒక కుటుంబం. వాపునీ మంటనీ తగ్గించి నొప్పి తీస్తాయి. మన షాపుల్లో వోవెరాన్, బ్రూఫెన్, జీరోడాల్ అని అడుగుతారే, అవి. పారాసిటమాల్ ఈ కుటుంబం కాదు. అది నొప్పి, జ్వరం తగ్గిస్తుంది కానీ వాపు మీద దాని పని అంతంతే. కాంబిఫ్లామ్‌లో రెండూ ఉన్నాయి, ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325. అంటే మీరు డైక్లోఫెనాక్ మీద కాంబిఫ్లామ్ వేసుకున్న రోజున ఒకే కుటుంబంలో ఇద్దరిని ఒకేసారి కడుపులోకి పంపారన్నమాట. నొప్పి రెట్టింపు తగ్గదు, పుండు పడే అవకాశం మాత్రం బాగా పెరుగుతుంది.

ఈ బిళ్ళలకీ రొమ్ముకీ సంబంధం ఉండొచ్చని శాస్త్రవేత్తలకి ఎందుకు తోచిందంటే, ఆ ఆలోచన పిచ్చిదేం కాదు. ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలితే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. నొప్పి, వాపు, ఎరుపు వాటి పనే. ఆస్పిరిన్ వాటి తయారీని ఆపుతుందని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో తేల్చి చెప్పారు, 1982లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ ప్రోస్టాగ్లాండిన్లలో ఒకటి రొమ్ము కొవ్వులో ఆరోమటేజ్ అనే ఎంజైముని ఉసిగొల్పుతుంది. ఆ ఎంజైము ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ని తయారుచేస్తుంది. రొమ్ము కేన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ తిని పెరిగేవే. కాబట్టి బిళ్ళ వేస్తే ప్రోస్టాగ్లాండిన్ తగ్గాలి, ఈస్ట్రోజెన్ తగ్గాలి, కేన్సరూ తగ్గాలి. కాగితం మీద లెక్క బాగుంది.

మనుషుల మీదకి వచ్చేసరికి ఏమైందో చూడండి. 2004లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో కేన్సర్ వచ్చిన ఆడవాళ్ళనీ రానివాళ్ళనీ దాదాపు 1,400 మంది చొప్పున కూర్చోబెట్టి, ఇన్నేళ్ళలో ఏం బిళ్ళలు వేసుకున్నారని అడిగారు. ఆస్పిరిన్ వాడినవాళ్ళలో కేన్సర్ 20 శాతం తక్కువ కనిపించింది. 2008లో అప్పటికి వచ్చిన 38 అధ్యయనాలని కలిపి లెక్కేస్తే ఈ కుటుంబం బిళ్ళలు వాడినవాళ్ళలో 12 శాతం తక్కువ అని తేలింది. మీకు వచ్చిన రెండో వీడియో పుట్టుక ఇలాంటి లెక్కల్లోనే.

మొదటి వీడియో పుట్టింది 2005లో, కాలిఫోర్నియాలో. అక్కడి టీచరమ్మలు లక్షా 14 వేల పైచిలుకు మందిని కొన్నేళ్ళు వెంబడించి చూశారు. ఐదేళ్ళకి పైగా రోజూ ఐబుప్రొఫెన్ వాడినవాళ్ళలో రొమ్ము కేన్సర్ 51 శాతం ఎక్కువ కనిపించింది. అదే పరిశోధనలో ఆస్పిరిన్ వల్ల మొత్తం మీద లాభమూ కనిపించలేదు. ఇక్కడ తమాషా ఏమిటంటే, అదే కాలిఫోర్నియా టీచర్లలో 57 వేల మందిని మళ్ళీ చూసి 2017లో ఇంకో కాగితం రాశారు. ఈసారి చిన్న మోతాదు ఆస్పిరిన్ వారానికి మూడుసార్లో అంతకంటే ఎక్కువో వేసుకున్నవాళ్ళలో కేన్సర్ 16 శాతం తక్కువ. ఒకే గుంపు టీచర్లు. ఒకసారి భయం, ఒకసారి ఆశ. మీ ఫోన్‌లోకి వచ్చిన రెండు వీడియోలకీ తల్లి ఒక్కతే అయినా నేను ఆశ్చర్యపోను.

ఎందుకిలా? ఇవన్నీ ఎవరేం చేస్తున్నారో పక్కనుంచి చూసి లెక్కలు కట్టిన అధ్యయనాలు. రోజూ ఐబుప్రొఫెన్ మింగే మనిషికి ఏదో ఒక బాధ ఉండబట్టే మింగుతోంది. ఆమె బరువు, కీళ్ళ జబ్బు, కదలకుండా కూర్చోవడం, ఇవన్నీ బిళ్ళతో పాటే లెక్కలోకి దూరతాయి. రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునే మనిషి సాధారణంగా డాక్టరు మాట వినే మనిషి, నడకకి వెళ్ళే మనిషి. పొరుగింటి కోడి కూసినప్పుడే తెల్లారుతోందని కోడికి పేరు ఇవ్వలేం కదా.

దీన్ని తేల్చే పద్ధతి ఒకటుంది. చీటీలు వేసినట్టు సగం మందికి అసలు బిళ్ళ, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకి చెప్పకుండా ఏళ్ళ తరబడి చూడటం. అమెరికాలో వైద్యరంగంలో పనిచేసే 39,876 మంది ఆడవాళ్ళ మీద అలా చేశారు. రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, పదేళ్ళు. 2005లో ఫలితం వచ్చింది. రొమ్ము కేన్సర్ రెండు వైపులా దాదాపు సమానం, తేడా లేదు. ఆస్పిరిన్ వైపు కడుపులో రక్తం పోవడం మాత్రం ఎక్కువ. ఆ తర్వాత ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది పెద్దవయసు వాళ్ళకి రోజూ 100 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, ఆస్పిరిన్ వేసుకున్న వైపు చావులు కొంచెం ఎక్కువయ్యాయి, అందులోనూ కేన్సర్ చావులే ఎక్కువ. ఇది 2018 సంగతి. పోనీ, ఒకసారి కేన్సర్ వచ్చి వైద్యం అయినవాళ్ళకి తిరగబెట్టకుండా ఆస్పిరిన్ ఆపుతుందేమో అని 3,020 మంది మీద 300 మిల్లీగ్రాములతో ప్రయత్నించారు. లాభం కనబడేలా లేదని మధ్యలోనే ఆపేశారు. 2024లో ఆ వివరాలు అచ్చయ్యాయి.

నా తీర్పు ఇది. పక్కనుంచి చూసిన అధ్యయనాలు ఎన్ని ఉన్నా, చీటీలు వేసి చేసిన పెద్ద పరీక్ష కాదన్నప్పుడు నేను దాని మాటే వింటాను. రొమ్ము కేన్సర్ రాకుండా ఉండటానికి నొప్పి బిళ్ళ గానీ ఆస్పిరిన్ గానీ వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. వేసుకున్నందువల్ల వచ్చిందని కూడా ఎవరికీ చెప్పను. ఆ 51 శాతం కూడా ఎలా చదవాలో తెలుసుకోండి. మన దేశంలో ఆడవాళ్ళలో 28 మందికి ఒకరికి జీవితకాలంలో ఈ జబ్బు వస్తుందని అంచనా వేస్తారు, అంటే నూటికి మూడున్నర. అది నిజంగానే 51 శాతం పెరిగిందనుకుందాం, నూటికి ఐదు దాటుతుంది. నూటికి యాభై ఒకటి కాదు. వీడియో చేసినాయన ఆ ముక్క చెప్పి ఉండడు.

(గుండెపోటు వచ్చి, స్టెంట్ పడి, డాక్టరు ఎకోస్ప్రిన్ అనే చిన్న ఆస్పిరిన్ రాసినవాళ్ళు ఇది చదివి ఆ బిళ్ళ ఆపేయొద్దు. అది వేరే పని మీద ఉంది. పెద్దపేగు కేన్సర్ దగ్గర కూడా ఆస్పిరిన్ కథ వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది రొమ్ము సంగతి ఒక్కటే.)

ఇప్పుడు కడుపు సంగతి. ఒకసారి కార్తీక సోమవారం రాత్రి పదకొండు దాటాక ఒకావిడని ఆటోలో తెచ్చారు. యాభై లోపు వయసు. కోతల రోజులు. పగలంతా పొలంలో వంగి, ఉపవాసం కాబట్టి ఏమీ తినకుండా, నడుం పట్టేసిందని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి బిళ్ళ మింగింది. సాయంత్రం కత్తి దింపినట్టు నొప్పి. నేను చూసేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయి ఉంది. ముట్టుకోనివ్వడం లేదు, గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేకపోతోంది. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే ఛాతీనీ పొట్టనీ విడదీసే పొర అడుగున నల్లగా నెలవంకలా గాలి. చిల్లుపడ్డ కడుపు లోంచి బయటికొచ్చిన గాలి అది. ఆపరేషన్‌కి బట్టలు మారుస్తున్నప్పుడు సిస్టరు ఆవిడ కొంగు ముడి విప్పింది. అందులో ఒక పది రూపాయల నోటు, వక్కపలుకులు, ఇంకా రెండు డైక్లోఫెనాక్ బిళ్ళలు. రాత్రికి దాచుకున్నవి. ఆవిడ బతికింది. అలా కొంగున ముడేసుకొచ్చిన అందరూ బతకలేదు.

మీకు బీపీ బిళ్ళ కూడా ఉందన్నారు కాబట్టి కిడ్నీ సంగతి ఇంకా ముఖ్యం. మీ బీపీ అట్ట తీసి చూడండి. పేరు చివర హెచ్ అని అక్షరం ఉంటే అందులో నీరు తీసే మందు కలిసి ఉందని అర్థం. టెల్మిసార్టన్ లాంటి బీపీ మందు, నీరు తీసే మందు, వాటి మీద నొప్పి బిళ్ళ, ఈ మూడూ కలిస్తే కిడ్నీకి రక్తం సరిగ్గా అందదు. దానికి తోడు మే నెల ఎండలో నీళ్ళు తాగకుండా మిషన్ తొక్కితే చెప్పక్కర్లేదు. నొప్పి బిళ్ళే బీపీని పెంచుతుంది కూడా. నా దగ్గరికి వచ్చే బీపీ లొంగని ఆడవాళ్ళలో చాలామందికి నేను బీపీ మందు పెంచలేదు, నొప్పి బిళ్ళ ఆపించాను, దానంతటదే దిగింది. డైక్లోఫెనాక్‌కి గుండె మీద కూడా గురి ఉంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి అది ఇవ్వొద్దని ఐరోపా మందుల సంస్థ 2013లోనే చెప్పింది.

మహేంద్రతనయ నది అవతల, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మనకెంత దూరం? ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నొప్పి బిళ్ళలే కారణం అంటే అది అబద్ధం అవుతుంది. కానీ అటువైపు చుట్టరికాలు ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి నేను క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నొప్పి బిళ్ళ రాయను. డైక్లోఫెనాక్ కిడ్నీని ఏం చేయగలదో మనకి రాబందులు చూపించాయి. ఈ మందు ఎక్కించిన పశువులు చచ్చాక ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని దేశంలో నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ కంటే గట్టిదే, నిజమే. నా చిన్నప్పుడు ఊరవతల గుంట దగ్గర బారులు తీరి కూర్చునేవి. ఇప్పుడు మా మనవలకి బొమ్మలో చూపించాలి.

ఇంకో మాట, మీరు అడగలేదు కానీ. ఊళ్ళలో డాక్టరు కాని డాక్టర్లు కాగితం పొట్లంలో ఇస్తారే, ఒక ఎర్రది, ఒక తెల్లది, ఒక చిన్న పసుపుది, పేరు లేని బిళ్ళలు. "అవి భలే పనిచేస్తాయండీ, ఒక్క పూటలో లేచి కూర్చున్నాను" అంటారు. అంత భలేగా పనిచేసేది అందులో చాలాసార్లు స్టెరాయిడ్. నెలల తరబడి తింటే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముక గుల్లవుతుంది. పేరు లేని బిళ్ళ ఎవరిచ్చినా తీసుకోవద్దు.

ఇక మీరు అడగాల్సిన అసలు ప్రశ్న. నొప్పి బిళ్ళకీ రొమ్ము కేన్సర్‌కీ నేను కళ్ళారా చూసిన లంకె ఒకటి ఉంది, అది ఏ వీడియోలోనూ రాదు. బిళ్ళ కేన్సర్‌ని తేదు. కేన్సర్‌ని దాస్తుంది.

కాశీనగరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది, యాభై మూడేళ్ళు. వచ్చింది రొమ్ము కోసం కాదు. వెన్నులో నొప్పి తగ్గడం లేదని. ఎనిమిది నెలలుగా ఎసిక్లోఫెనాక్, మధ్యలో ఇంజెక్షన్లు, రెండుసార్లు నాటువైద్యుడి చేత పట్టు. రాత్రిపూట ఎక్కువ, పడుకుంటే ఎక్కువ. బిళ్ళ వేసుకుంటే నాలుగు గంటలు ఊరట, కాబట్టి వాతం అనుకున్నారు. నేను జాకెట్టు విప్పమన్నాను, కాస్త మొహమాటపడింది. ఎడమ రొమ్ములో పై భాగంలో గడ్డ, పెద్ద నిమ్మకాయంత. చర్మం నారింజ తొక్కలా గుంటలు పడి ఉంది. చంకలో రెండు గ్రంథులు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. "ఏడాదిన్నర అవుతాది. నొప్పేటీ నేదమ్మా, అందుకే ఊరుకున్నాను." వెన్నుకి ఎక్స్‌రే తీయిస్తే కేన్సర్ ఎముక దాకా పాకింది.

ఆ మాట, "నొప్పేటీ నేదమ్మా," నేను 31 ఏళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నొప్పి ఉన్నచోటికి బిళ్ళ, నొప్పి లేనిచోట జబ్బే లేదు. రొమ్ము కేన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. గట్టిగా, కదలకుండా, రాయిలా ఉంటుంది, ఉలుకూ పలుకూ ఉండదు. మరోవైపు నెలసరి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలుపుతుంటే ఆడపిల్లలు కేన్సర్ అని ఏడుస్తూ వస్తారు, అది నూటికి తొంభై పైన కేన్సర్ కాదు. (దానికి కూడా బిళ్ళ మింగక్కర్లేదు. సరిపోయే బాడీ వేసుకుని, డైక్లోఫెనాక్ జెల్ పైన రాసుకుంటే చాలామందికి తగ్గుతుంది.)

కాబట్టి చెల్లెమ్మా, మీరు ఈ నెల చేయాల్సింది చెబుతాను. మీ నెలసరి ఇంకా వస్తుంటే, అది అయిపోయిన వారానికి స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో, వేళ్ళ చదునుతో, రొమ్ము అంతా చంక దాకా తడిమి చూసుకోండి. చిటికెతో గిల్లి చూస్తే అంతా గడ్డలే తగులుతాయి, అలా చూడొద్దు. ఆపైన మీ వయసుకీ మీ పెద్దమ్మ కథకీ ఒకసారి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకోవడం మంచిది. దగ్గరలో ఉన్న ఆరోగ్య కేంద్రంలో 30 దాటిన ఆడవాళ్ళకి బీపీ, షుగర్‌తో పాటు రొమ్ము పరీక్ష కూడా చేయాలని నియమం ఉంది. ఆశా దీదీని అడగండి. ఆవిడకి ఒడియా తప్ప రాకపోతే "స్తన పరీఖ్యా" అనండి, అర్థమవుతుంది. సిస్టరు చేతి పరీక్ష ఏం సరిపోతుందిలే అనుకోవద్దు. ముంబైలో టాటా కేన్సర్ ఆసుపత్రి వాళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళని 20 ఏళ్ళు చూశారు. డాక్టర్లు కాని శిక్షణ పొందిన ఆడపిల్లలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేసినందుకే, 50 దాటినవాళ్ళలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో తేలింది. యాభై లోపు వాళ్ళలో ఆ లాభం కనిపించలేదు, అందుకే మీకు మామోగ్రామ్ అంటున్నాను.

ఏదైనా గడ్డ తగిలితే సూది పరీక్షకి భయపడొద్దు. "సూది గుచ్చితే పాకేస్తుంది" అని మన వీధుల్లో ఒక మాట ఉంది. పాకదు. సూది గుచ్చకుండా, అది ఏ రకమో తెలియకుండా, గడ్డ మాత్రం కోసి తీసేసి బకెట్లో పారేసిన ఒక నర్సింగ్ హోమ్ పనిని తర్వాత సరిచేయలేక నేను పడ్డ తిప్పలు నాకు తెలుసు. కోసిన ముక్క పరీక్షకి పంపలేదు, కాగితం లేదు. ఆ పిల్లకి 38 ఏళ్ళు. ఎవరైనా గడ్డ తీస్తామంటే ముందు సూది రిపోర్టు అడగండి. మీకు బరంపురంలోనే మెడికల్ కాలేజీ ఉంది. ఆపైన కటక్‌లో ఆచార్య హరిహర్ కేన్సర్ ఆసుపత్రి, ఇటు విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి. మా గుణుపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళు భాష కోసం విశాఖే వెళ్తారు, గుణుపురం పాసింజరు ఎక్కేసి. నేను అడ్డు చెప్పను, తన బాధ తన భాషలో చెప్పుకోవాలని ఎవరికైనా ఉంటుంది. కాకపోతే బయల్దేరే ముందే మీ ప్రభుత్వ ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. రాష్ట్రం దాటాక కౌంటర్ దగ్గర తెలుసుకుని తిరిగి రావడం కంటే అది సుఖం.

ఇప్పటికే కేన్సర్ వైద్యంలో ఉన్నవాళ్ళకి ఒక ముక్క. ఈస్ట్రోజెన్ తగ్గించే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి వేళ్ళూ మోకాళ్ళూ పట్టేసినట్టు నొప్పులు వస్తాయి. దానికి భయపడి చాలామంది ఆ బిళ్ళే మానేస్తారు, ఇంట్లో చెప్పరు కూడా. మానొద్దు, మీ డాక్టరుతో చెబితే మందు మార్చవచ్చు, నడక పెంచితే కూడా తగ్గుతుంది. కీమో నడుస్తున్న రోజుల్లో మాత్రం షాపులో కొన్న నొప్పి బిళ్ళ అస్సలు వద్దు. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటాయి, కడుపులో రక్తం పోతే ఆగదు. జ్వరాన్ని కూడా ఆ బిళ్ళ దాచేస్తుంది, ఆ సమయంలో జ్వరం దాస్తే ప్రాణం మీదకొస్తుంది.

మరి మోకాళ్ళ సంగతేమిటి అంటారు. నొప్పి ఓర్చుకోమని నేను చెప్పను. మీ మిషన్‌కి మోటారు పెట్టించండి, ముందు అది. రోజుకి ఆరేడు గంటలు కాలితో తొక్కుతూ మోకాలికి మందు వేస్తే కుండ అడుగున చిల్లు పెట్టుకుని నీళ్ళు పోసినట్టే. మోటారు ఖర్చు ఎక్కువనిపిస్తే, ఆరేళ్ళ బిళ్ళల ఖర్చు ఒకసారి లెక్కేసి చూడండి. కూరగాయలు కత్తిపీట మీద కింద కూర్చుని తరగడం ఆపి బల్ల మీద తరగండి. కుర్చీలో కూర్చుని కాలు చాపి, తొడ బిగించి, పది అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిహేను సార్లు, పొద్దున, సాయంత్రం. ఆరు వారాలు చేయకుండా పనిచేయలేదని మాత్రం రాయొద్దు. డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి పైన రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ, కడుపుకి అంత చేటు లేదు. నొప్పి ఎక్కువైన రోజు పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు, రోజుకి నాలుగు దాటకుండా, కాంబిఫ్లామ్‌లోనూ జీరోడాల్-పీలోనూ ఉన్న పారాసిటమాల్ కూడా ఆ లెక్కలోనే కలుపుకుని. డైక్లోఫెనాక్ బిళ్ళ తప్పనిసరి అయితే అది మీ డాక్టరు రాయాలి, మీ బీపీ మందు అట్ట చూసి రాయాలి, తిన్నాక వేసుకోవాలి, రోజులు లెక్కపెట్టి ఆపాలి. పక్కన గ్యాస్ బిళ్ళ వేసుకుంటున్నాను కదా ఏం కాదులే అనుకోవద్దు. అది కడుపుని కొంత కాస్తుంది, కిడ్నీని కాయదు.

ఈ వారంలోనే ఒక రక్తపరీక్ష చేయించుకోండి, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, పక్కన మూత్ర పరీక్ష. ఆరేళ్ళ వాడకం తర్వాత హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే కడుపులోంచి చుక్కచుక్కగా రక్తం పోతోందేమో చూడాలి. మలం తారులా నల్లగా ఉంటే వారం కూడా ఆగొద్దు.

మీ నడుం నొప్పి గురించి కూడా ఒకటి అడగాలి. అది కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గుతోందా? అలా అయితే మిషన్ నొప్పే, పర్వాలేదు. రాత్రి నిద్రలోంచి లేపుతోందా, పడుకున్నా తగ్గడం లేదా? అలా అయితే బిళ్ళతో దాచకుండా ఎవరికైనా చూపించండి, జాకెట్టు విప్పి చూసే డాక్టరుకి.

పెద్దమ్మ సంగతి నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆవిడ మీ అమ్మగారి అక్కా, లేక నాన్నగారి అన్న భార్యా? పెదనాన్న భార్య అయితే రక్తసంబంధం కాదు కాబట్టి లెక్కలోకి రాదు, కానీ నాన్న వైపు రక్తసంబంధీకుల నుంచి కూడా ఈ జబ్బు జన్యువులు వస్తాయి. ఆవిడకి జబ్బు బయటపడ్డప్పుడు వయసెంత, ఒక రొమ్ముకా రెండింటికా, ఇంట్లో ఇంకెవరికైనా అండాశయ కేన్సర్ వచ్చిందా, మగవాళ్ళకెవరికైనా రొమ్ము కేన్సర్ వచ్చిందా? అరవై దాటాక ఒక్కావిడకే వచ్చి ఉంటే మీకు పెద్దగా తేడా ఉండదు. నలభైల్లో వచ్చి ఉంటే జన్యు పరీక్ష గురించి మాట్లాడుకోవాలి. మీ అన్నయ్యల ఇంట్లో పాత ఫైలు ఉంటుంది, వైద్యం చేయించినవాళ్ళు ఆ కాగితాలు పారేయరు. అందులో మొదటి పేజీ మీద వయసు రాసి ఉంటుంది. అదీ, మీ క్రియాటినిన్ అంకె, బీపీ బిళ్ళ పూర్తి పేరు, ఈ మూడూ రాయండి. మిగతాది అవి చూశాక చెబుతాను.